అమెరికాలోని హార్పర్స్ ఫెర్రీలో బానిసత్వ వ్యతిరేకి జాన్ బ్రౌన్‌ను పట్టుకున్నది మెరైన్ సైనికులే కదా, మరి స్థానిక మిలిషియా (పౌరుల సాయుధ దళాలు) ఏం చేసింది?

అతను తప్పించుకోకుండా దారులు మూసింది. ఇది చిన్న పని కాదు.

1859 అక్టోబర్ 16 రాత్రి బ్రౌన్ తన 21 మంది అనుచరుల్లో ముగ్గురిని కాపలాకు వదిలి, మిగతావారితో అప్పటి వర్జీనియాలోని ఆ ఊరి ఆయుధాగారాన్ని పట్టుకున్నాడు. ఆపిన రైలును తెల్లవారుజామున వదిలేయడం అతని పెద్ద పొరపాటు. ఆ రైలు మొనోకసీ స్టేషన్ చేరగానే టెలిగ్రాఫ్‌లో వార్త పాకిపోయింది.

17న మధ్యాహ్నం వేళకు చార్ల్స్‌టౌన్ నుంచి జెఫర్సన్ గార్డ్స్ అనే మిలిషియా దళం వాళ్లు వచ్చారు. నేరుగా ఊళ్లోకి దిగలేదు. ఎగువన పోటోమాక్ నది దాటి, మేరీల్యాండ్ గట్టు వెంట వచ్చి రైలు వంతెనను పట్టుకున్నారు. దాంతో బ్రౌన్ వెనుదారి పోయింది. తర్వాత మార్టిన్స్‌బర్గ్ రైల్వే ఉద్యోగులు ఆయుధాగారం వెనకనుంచి దాడిచేసి, బ్రౌన్ పట్టుకున్న బందీల్లో చాలామందిని విడిపించారు. బ్రౌన్ మిగిలినవాళ్లతో ఇంజిన్ హౌస్‌లో (మంటలార్పే యంత్రాలు ఉంచే భవనంలో) ఇరుక్కుపోయాడు.

చెడింది క్రమశిక్షణ దగ్గర. అందరికీ కలిపి ఒక సేనాపతి లేడు, తాగుడు ఎక్కువ. తెల్లజెండాతో వచ్చినవాళ్లనూ కాల్చారు. ఊరి మేయర్ బెక్‌హామ్ బ్రౌన్ మనుషుల కాల్పుల్లో చనిపోయాక, తమకు బందీగా చిక్కిన బ్రౌన్ అనుచరుడు విలియం థాంప్సన్‌ను వంతెన మీదికి ఈడ్చుకెళ్లి చంపేశారు.

18 ఉదయం, మెరైన్లకు నాయకత్వం వహిస్తున్న సైన్యాధికారి రాబర్ట్ లీ ఆఖరి దాడి అవకాశాన్ని ముందు మిలిషియాకే ఇచ్చాడు. వాళ్లు వద్దన్నారు. సమ్మెటలకు లొంగని ఇంజిన్ హౌస్ తలుపును మెరైన్లు బరువైన నిచ్చెనతో పగలగొట్టారు. నిమిషాల్లో ముగిసింది.