కివీ కొనాలా, జామకాయ చాలా?

జ్వరం తగ్గాక పెద్దవాళ్ళకి కివీ, డ్రాగన్ ఫ్రూట్ లాంటివే పెట్టాలా, మన పళ్ళలో విటమిన్లు, యాంటీ ఆక్సిడెంట్లు (ఒంట్లో కణాలు దెబ్బతినకుండా అడ్డుకునే పదార్థాలు) సరిపోవా అని అడిగారు. నా అనుభవం చెప్తాను.

పోయినేడు అమ్మకి జ్వరం వచ్చి తగ్గింది. గుంటూరులో మా ఇంటికి చూడ్డానికి వచ్చినవాళ్ళంతా కివీ పెట్టెలే తెచ్చారు. ఫ్రిజ్‌లో కూరగాయలకి చోటు లేదు. అమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుని, "ఇదేం పండురా, అటు తీపీ కాదు ఇటు పులుపూ కాదు. వెళ్ళి రెండు దోరజామకాయలు పట్రా" అంది.

ఆ రాత్రి కూర్చుని లెక్కలు చూశాను. వంద గ్రాముల కివీలో విటమిన్ సి సుమారు 90 మిల్లీగ్రాములు. జామకాయలో 200 పైనే! కమలాపండులో 50 దాటుతుంది, బొప్పాయిలో 60 దాకా. రోగిని చూడ్డానికి పట్టుకెళ్ళే యాపిల్‌లో అయిదే. మనకి రోజుకి కావలసింది మగవాళ్ళకి 80, ఆడవాళ్ళకి 65. అంటే బండి మీద దొరికే ఒక మాదిరి జామకాయతో ఆ రోజు పని అయిపోయినట్టే.

గుంటూరు వాళ్ళం కాబట్టి ఇంకో మాట. విటమిన్ సి మీద చేసిన పనికి 1937లో నోబెల్ అందుకున్న శాస్త్రవేత్త సెంట్ జార్జీ దాన్ని పెద్ద మొత్తంలో తీసింది హంగరీలో పండే పాప్రికా మిరప నుంచే. అలాగని కారం ఎక్కువ తినక్కర్లేదు, ఎండబెడితే మిరపలో ఆ విటమిన్ చాలావరకు పోతుంది.

యాంటీ ఆక్సిడెంట్ల విషయంలో మాత్రం 'ఈ పండుకి ఇన్ని మార్కులు' అనే పట్టికలు నమ్మకండి. అలాంటి పట్టికనే అమెరికా వ్యవసాయ శాఖ 2012లో వెబ్‌సైట్ నుంచి తీసేసింది. పరీక్షనాళికలో వచ్చిన అంకె ఒంట్లో జరిగేదాన్ని చెప్పదని. నేనైతే రంగు చూసి కొంటాను. నేరేడుకి ఆ ఊదా రంగు ఇచ్చేవి ఆంథోసయనిన్లు, మామిడి, బొప్పాయిల పసుపు కెరోటిన్లది, ఎర్రజామలో ఉండేది లైకోపిన్. ఇవన్నీ యాంటీ ఆక్సిడెంట్లే. వేసవిలో విజయవాడ దగ్గరున్న నున్న ఊరి మార్కెట్ మామిడి, వానలు మొదలయ్యాక నేరేడు, ఆ తర్వాత జామ. ఏ కాలానికి ఆ పండు.

జ్యూస్ తీయకండి, పీచు పోతుంది. కోసి గంటలకొద్దీ ఉంచితే విటమిన్ సి తగ్గిపోతుంది, తినేముందే కోయండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళయితే ఏ పండైనా డాక్టర్‌ని అడిగాకే, పొటాషియంతో ఇబ్బంది.

అమ్మకి కట్టుడు పళ్ళు, జామగింజలు ఇరుక్కుంటాయి. అందుకని నాలుగు ముక్కలు కోసి మధ్య గుజ్జు నేను తీసుకుని, తొక్కతో ఉన్న కండని పల్చగా తరిగి తనకిస్తాను. విటమిన్ సి ఎక్కువుండేది కూడా ఆ తొక్క దగ్గరే. పైన ఉప్పూకారం చల్లకపోతే మాత్రం ముట్టదు.