మధు దండవతే: రెండంగుళాల స్పాంజి వేయించిన ఫిజిక్స్ మాస్టారు

“పాఠాలు చెప్పుకునే మనిషి మంత్రి అయి, పదవి పోయాక కూడా జనం మంచిగా తలుచుకునేవాళ్లు ఎవరైనా ఉన్నారా? మీకు తెలిసినంతలో చెప్పండి” అని అడిగారు. నా మటుకు నాకు ఒక్క పేరే గుర్తొస్తుంది. మధు దండవతే. ఈ కాలం పిల్లలకు ఆయనెవరో తెలియకపోవచ్చు గానీ, స్లీపర్ క్లాసులో ఎప్పుడైనా పడుకున్నారంటే ఆయన చేసిన పని మీ వీపుకు తెలుసు.

నేను విజయవాడలో పెరిగాను. మా మేనమామ ఢిల్లీలో ఉండేవాడు. సెలవులిస్తే చాలు, జీటీ ఎక్స్‌ప్రెస్ ఎక్కేవాళ్లం. అప్పట్లో త్రీ టైర్ బెర్తు అంటే ఉట్టి చెక్క బల్ల. అందుకే పెట్టెల కంటే ముందు హోల్డాల్, అంటే పక్కబట్టలు చుట్టి కట్టుకునే కాన్వాసు సంచి, సర్దేది మా అమ్మమ్మ. దానిలో ఒక బొంత, రెండు దుప్పట్లు, ఒక జంపఖానా. అంత పరిచినా తెల్లారేసరికి తుంటి ఎముక దగ్గర ఎర్రగా కందిపోయేది ఆవిడకి. 1974లో థర్డ్ క్లాస్ అన్న మాట తీసేసి అన్నిటినీ సెకండ్ క్లాస్ అన్నారు. పేరు మారింది, బల్ల మారలేదు.

1979 వేసవిలో మళ్లీ బయలుదేరాం. అమ్మమ్మ కింది బెర్తు మీద కూర్చోబోయి ఆగిపోయింది. అరచేత్తో ఒకసారి నొక్కింది. చెయ్యి తీసి, అది మళ్లీ పైకి లేవడం చూసి నా వైపు తిరిగింది.

“ఒరేయ్, ఫస్టు క్లాసు పెట్టెలోకి ఎక్కించావురా నన్ను. టీసీ వచ్చి దించేసేలోపు దిగుదాం పద.”

మూట చంకన పెట్టుకుని నిజంగానే లేచింది. ఎదురు బెర్తు ఆయన నవ్వుతూ, “కూర్చోండి పెద్దమ్మా, ఇది మనదే. కొత్త మంత్రి వేయించాడు” అన్నాడు. ఆ రాత్రి ఆవిడ హోల్డాల్ విప్పలేదు. అన్నీ హాయిగా ఉన్నాయని చెప్పను. మే నెల ఎండకి రెక్సిన్ కవరు వీపుకి అతుక్కుపోయి, లేచేటప్పుడు చర్మం ఊడొచ్చినట్టు ఉండేది. అయినా తుంటి కందలేదు.

ఆ కొత్త మంత్రే దండవతే. 1924లో మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్‌లో పుట్టారు. చిన్న వయసులోనే క్విట్ ఇండియాలోకి, ఆ తర్వాత గోవా విముక్తి సత్యాగ్రహంలోకి వెళ్లిన సోషలిస్టు. బొంబాయిలో అంబేడ్కర్ పెట్టించిన సిద్ధార్థ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవారు. అణు భౌతికశాస్త్రం ఆయన సబ్జెక్టు. 1971లో కొంకణ్ ప్రాంతంలోని రాజాపూర్ నుంచి లోక్‌సభకు గెలిచారు, అక్కడి జనం ఆయన్ని వరసగా ఐదుసార్లు పంపారు.

1975లో ఇందిరా గాంధీ ఎమర్జెన్సీ పెట్టి ప్రతిపక్ష నాయకుల్ని జైళ్లలో వేసినప్పుడు ఆయన పార్లమెంటు కమిటీ పని మీద బెంగళూరులో ఉన్నారు. వాజ్‌పేయి, అద్వానీలతో పాటు ఆయన్నీ అక్కడే అరెస్టు చేశారు. ఆయన బెంగళూరు జైల్లో, భార్య ప్రమీలా దండవతే పూనా దగ్గర ఎరవాడ జైల్లో. ఆవిడా ఉద్యమాల మనిషే, తర్వాత ఎంపీ కూడా అయ్యారు. నెలల తరబడి ఇద్దరికీ ఉత్తరాలే దిక్కు.

1977 మార్చిలో జనతా ప్రభుత్వం వచ్చి ఆయనకు రైల్వే శాఖ ఇచ్చింది. మామూలుగా అంత బాధపడి వచ్చిన మనిషికి ముందు పగ తీర్చుకోవాలనిపిస్తుంది. ఈయన ముందు చూసింది రైల్వే కార్మికుల వైపు. 1974 మే నెలలో ఇరవై రోజుల పాటు రైళ్లు ఆపేసిన పెద్ద సమ్మె గుర్తుందా? అందులో ఉద్యోగాలు పోయినవాళ్లను తిరిగి పనిలోకి తీసుకున్నారు. మా వీధిలో ఒకాయన ఆ మూడేళ్లూ తోపుడుబండి మీద ఇడ్లీ అమ్మాడు. ఆర్డరు వచ్చిన రోజు పెట్టె అడుగున దాచిన యూనిఫారం తీసి వేసుకుంటే నడుం దగ్గర వదులైపోయింది. భార్య పిన్నీసు పెట్టి పంపింది. పిల్లలం స్టేషన్ దాకా ఆయన వెనకే నడిచాం. బండి మాత్రం ఇంకో ఏడాది వాళ్ల గుమ్మం ముందే ఉంది. మళ్లీ ఏం జరుగుతుందో అని భయం కాబోలు.

అదే ఏడాది డిసెంబరు 26న హౌరా, బొంబాయి మధ్య గీతాంజలి ఎక్స్‌ప్రెస్ మొదలుపెట్టారు. దానికి ఫస్ట్ క్లాస్ పెట్టె లేదు. అందరూ సెకండ్ క్లాసే. మొదటి తరగతిని కిందికి లాగాలని కాదు, రెండో తరగతిని పైకి తేవాలన్నది ఆయన పద్ధతి. బెర్తుల మీద రెండంగుళాల స్పాంజి కూడా ఆ ఆలోచనలోంచి వచ్చిందే. ముందు పెద్ద రైళ్లలో, తర్వాత మెల్లగా మిగతావాటిలో వేస్తూ పోయారు. జనరల్ బోగీల్లో చెక్క బల్లలు ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు అలాగే ఉన్నాయి, అదీ చెప్పుకోవాలి. రెండేళ్ల మంత్రి అన్నీ చెయ్యలేడు. 1979 జులైలో ప్రభుత్వమే పడిపోయింది. తర్వాత వచ్చినవాళ్లు ఆ స్పాంజి తీసెయ్యలేదు. ఒకసారి మెత్తగా పడుకున్నవాణ్ణి మళ్లీ చెక్క మీద పడుకోమనే ధైర్యం ఏ పార్టీకి ఉంటుంది!

కొంకణ్ రైల్వే గురించి క్లుప్తంగా చెప్తాను, లేకపోతే ఆ ప్రాంతం వాళ్లు నన్ను ఊరుకోరు. ఆ కొండల్లోకి రైలు కావాలని ఏళ్ల తరబడి అడిగిన మనిషి, 1990లో తాను ఆర్థిక మంత్రిగా, జార్జి ఫెర్నాండెజ్ రైల్వే మంత్రిగా ఉన్నప్పుడు దానికోసం ప్రత్యేకంగా కార్పొరేషన్ పెట్టించారు. 1991లో ఆ కొంకణ్‌లోనే ఓడిపోయారు. లైను మొత్తం పూర్తయింది 1998లో.

నేనూ తర్వాత ఫిజిక్స్ లెక్చరర్‌నే అయ్యాను. ఇంటర్ పిల్లలకు పీడనం పాఠం వచ్చినప్పుడల్లా మేకు, మొనదేలిన కత్తి అని పుస్తకంలో ఉన్నవి చెప్పి ఊరుకునేవాణ్ణి కాదు. మా అమ్మమ్మ తుంటి కథ చెప్పేవాణ్ణి. చెక్క మీద పక్కకు తిరిగి పడుకుంటే బరువంతా తుంటి, భుజం అనే రెండు చిన్న చోట్ల పడుతుంది. వైశాల్యం తక్కువ, కాబట్టి పీడనం ఎక్కువ. మెత్తటిదేదైనా కింద ఉంటే అది ఒంటి ఆకారానికి తగ్గట్టు నొక్కుకుని నడుముని కూడా మోస్తుంది. అదే బరువు ఎక్కువ వైశాల్యం మీద పరుచుకుంటుంది. ఇంత చెప్పాక, “దీన్ని దేశంలో కోట్ల మంది వీపుల మీద ప్రయోగం చేసి చూపించింది ఒక ఫిజిక్స్ మాస్టారు” అనేవాణ్ణి. క్లాసులో ఆ మాటకి నవ్వు రాని ఏడాది లేదు.

2005 నవంబరు 12న ఆయన బొంబాయిలో కేన్సర్‌తో పోయారు. 81 ఏళ్లు. దహనం వద్దని, శరీరాన్ని జేజే ఆసుపత్రికి ఇవ్వమని ముందే చెప్పిపెట్టారు. ఆ వార్త పేపర్లో లోపలి పేజీలో చిన్నగా వచ్చింది. నేను కత్తిరించి క్లాసుకి పట్టుకెళ్లి, ఆ ముందు వారమే చెప్పిన పీడనం పాఠం మళ్లీ చెప్పాను.

వెనక బెంచీలో ఒక కుర్రాడు ఉండేవాడు, ఏది చెప్పినా నమ్మేవాడు కాదు. సంక్రాంతి సెలవులకు సికింద్రాబాదు వెళ్లొచ్చి, స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. చేతిలో జామెట్రీ బాక్సు స్కేలు.

“సార్, కొలిచాను. కుట్టు దగ్గర రెండంగుళాలకి కొంచెం తక్కువుంది, మధ్యలో సరిపోయింది” అన్నాడు.