కరిచే చెప్పు పాదరక్షేనా?

ప్రశ్న: నేను హీల్స్ వేసుకుంటాను, మా అమ్మాయి చిల్లుల క్రాక్స్ వేసుకుంటుంది. ఒకరివి ఒకరికి నచ్చవు. "నీ హీల్స్ మడమ దగ్గర కరుస్తాయి, అవి పాదరక్షలు ఎలా అవుతాయి?" అంటుంది. భాష ప్రకారం ఎవరిది ఒప్పు?

జవాబు: అమ్మా, ఇంట్లో ఎవరైనా "నా పాదరక్షలు ఏవి?" అని వెతుక్కుంటారా? అది బోర్డుల మీద మాట. మన మాట చెప్పు. ఆ పేరులో రక్షణ ఊసే లేదు కాబట్టి కరిచినా అది చెప్పే.

ఎంత పాత మాటో చూడండి. తమిళంలో చెరుప్పు. మనకొచ్చేసరికి నడిమి 'రు' జారిపోయి చెప్పు అయింది. ఇదొక్కటే కాదు, వాళ్ళ నెరుప్పు మన నిప్పు, వాళ్ళ పరుప్పు మన పప్పు, అన్నీ ఒకే దారిన నడిచొచ్చాయి. కన్నడంలో కెర. అక్కడ మొదటి 'క' చెక్కుచెదరలేదు, మన దగ్గర వెనక 'ఎ' ఉండటంతో అది 'చ' అయింది. వాళ్ళ కెరె మన చెరువు, వాళ్ళ కివి మన చెవి. (మాట్లాడే 'చెప్పు'తో దీనికి చుట్టరికం లేదు.)

ఇప్పుడు వేమన దగ్గరకు రండి. "చెప్పులోని రాయి చెవిలోని జోరీగ, కంటిలోని నలుసు కాలిముల్లు, ఇంటిలోని పోరు ఇంతింత గాదయా." చెప్పూ చెవీ, ఒకే మార్పుకు లోనైన రెండు మాటలు ఒకే పాదంలో పక్కపక్కన! కాలిముల్లు చెప్పుల్లేనివాడి బాధ, చెప్పులో రాయి చెప్పులున్నవాడి బాధ, ఇద్దర్నీ ఒక్క పద్యంలో కూర్చోబెట్టాడాయన. కాపాడాల్సిన చెప్పే రాయిని పట్టి ఉంచి అడుగడుగునా గుచ్చుతుందని కనిపెట్టిన కవి మీ అమ్మాయి వైపే ఉంటాడేమో. ఇంటిలోని పోరు సంగతి మీ ఇద్దరికీ వదిలేస్తున్నాను.

హీల్స్ ఆడవాళ్ళ పిచ్చి అనేవాళ్ళకు ఒక మాట. ఫ్రాన్సు రాజు 14వ లూయీ ఎర్ర మడమల బూట్లు వేసేవాడు. 1950లలో వచ్చిన సన్న మడమకు పెట్టిన పేరు స్టిలెట్టో, ఇటాలియన్‌లో చిన్న బాకు అని అర్థం. మన వాడుకలోనూ ఆడవాళ్ళ చెప్పు ఆయుధమే. వెంటపడేవాడికి "చెప్పు తెగుద్ది" అని ఒక్కసారి గట్టిగా అంటే చాలు, ఏ నిఘంటువూ ఇవ్వలేనంత అర్థం అందులో ఉంది. ఆ మాటను మోటు అనేవాళ్ళంటే నాకు గౌరవం లేదు.

చెప్పుకు వేరే పేర్లూ ఉన్నాయి. జోడు అంటే జత, అందుకే కళ్ళకూ ఉంది, కాళ్ళకూ ఉంది. పావుకోళ్ళు కొయ్యవి. ముచ్చెలు అనే మాటను మనమే పోగొట్టుకున్నాం.

ఇక తీర్పు. మీ అమ్మాయి పాదరక్ష అనే సమాసం విడదీసి అర్థం పట్టుకుంది, అందులో తప్పు లేదు. కానీ మాట పుట్టినచోటే ఉండిపోదు. నూనె అంటే మొదట నువ్వుల నెయ్యి, ఇప్పుడు కొబ్బరి నూనె అంటే ఎవరూ అడ్డు చెప్పరు. కాబట్టి హీల్స్‌ను పాదరక్షలంటే తప్పు అనలేను, అనమని కూడా అనను. హీల్స్ అనండి, ఎత్తు మడమల చెప్పులు అనండి, రెండూ బాగున్నాయి. ఈమధ్య ప్రతివాళ్ళూ రాస్తున్న "ఫుట్‌వేర్ ధరించుట" మాత్రం వద్దు. చెప్పులు వేసుకుంటాం, తొడుక్కుంటాం.