అక్క పడ్డ కష్టానికి తమ్ముడికి ఫౌండేషన్ మందా?

ప్రశ్న: మా అమ్మాయి మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మాధ్యమంలో పదో తరగతి వరకు చదివింది. ఇంటర్‌కు కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో చేర్చాం. ఈ ఏడాది బీటెక్ పూర్తయింది. హైస్కూలు చదువు కాలేజీలో ఎంతవరకు అక్కరకొచ్చిందో రాయమంటే రెండు పేజీలు రాసింది, జతచేస్తున్నాను. బీటెక్ మొదటి ఏడాది పాఠాలు అర్థంకాక ఏడ్చేదాన్నని అందులో ఉంది. మా అబ్బాయి అదే స్కూల్లో ఎనిమిదో తరగతి. వాడికి ఆ కష్టం రాకూడదని, ఐఐటీ ప్రవేశ పరీక్ష జేఈఈకి హైస్కూలు నుంచే తయారుచేసే ఐఐటీ ఫౌండేషన్ ఉన్న స్కూలుకు అడ్వాన్సు కట్టాను. మామూలు హైస్కూలు, ఫౌండేషన్ స్కూలు పోల్చి చెప్పగలరు. - ఒక తండ్రి, నల్గొండ జిల్లా

జవాబు: పెద్దదానికి చేయలేకపోయింది చిన్నవాడికైనా చేయాలన్న తాపత్రయం మీ ఉత్తరం నిండా ఉంది. ముందు ఆ బరువు దించుకోండి. మీ అమ్మాయికి మీరు ఏ అన్యాయమూ చేయలేదు. ఊరి బడి నుంచి వెళ్లి నాలుగేళ్ల ఇంజినీరింగ్ గట్టెక్కింది. తన ఇబ్బంది ఎక్కడ మొదలైందో విడమరిచి రాయగలుగుతోంది. ఆ మాత్రం రాయలేని పట్టభద్రులు నా దగ్గరికి చాలామందే వస్తుంటారు.

కాకపోతే మీరు మొదటి పేజీ దగ్గరే ఆగిపోయినట్టున్నారు. ఏడ్చిన సంగతి అక్కడుంది. రెండో పేజీలో ఏముందో చూడండి. లెక్కల మాస్టారు ఒక్కొక్కరినీ బోర్డు దగ్గరికి పిలిచి సిద్ధాంతం నిరూపించమనేవారట. ఆ అలవాటు వల్లే సెమిస్టర్ పరీక్షల్లో పేజీలకు పేజీలు జవాబులు రాయడానికి భయం వేయలేదట. ల్యాబ్‌లో వైవా, అంటే నోటితో జవాబు చెప్పే పరీక్ష, అంటే తోటివాళ్లు వణికితే తను వణకలేదట. మరి కష్టం ఎక్కడొచ్చింది? ఒకటి ఇంగ్లీషు. రెండోది ఆమె మాటల్లోనే వినండి: "ఇంటర్‌లో రెండేళ్లు గంట కొడితే చదివాం, గంట కొడితే పడుకున్నాం. బీటెక్‌లో గంట కొట్టేవాళ్లు లేరు. ఏది చదవాలో, ఎప్పుడు చదవాలో తెలియలేదు."

ఆమెను దెబ్బతీసింది ఆ రెండేళ్ల గంట. మీరు కొడుకుకు దాన్ని ఐదేళ్లు చేయబోతున్నారు. ఉత్తరం అడిగి రాయించుకున్నారు కదా, అడ్వాన్సు కట్టేముందు ఆమెను ఒక్క మాట అడగొద్దా? కోపం తెచ్చుకోకండి, మీ ఇంట్లో అందరికంటే ఈ విషయం తెలిసిన మనిషి ఆమే.

ఫౌండేషన్ మీద నాకున్న అనుమానాలు దాచుకోను. జేఈఈ సిలబస్ ఇంటర్ రెండేళ్లది. దాన్ని ఎనిమిదో తరగతికి లాక్కొస్తే ఏదో ఒకటి తగ్గించక తప్పదు. ముందు ఆటల పీరియడ్ పోతుంది, తర్వాత లైబ్రరీ, ఆ తర్వాత సైన్సు ప్రయోగాలు. ఆ మధ్య ఒక తొమ్మిదో తరగతి అబ్బాయిని తీసుకొచ్చారు. కటక సూత్రం ఇస్తే ప్రతిబింబ దూరం చకచకా లెక్కగట్టాడు. బల్ల మీద భూతద్దం పెట్టి, కిటికీ బొమ్మను గోడ మీద పడేలా చూపించమన్నాను. అద్దాన్ని కంటికి ఆనించుకుని నా వైపు చూశాడు. నోటు పుస్తకం తిరగేస్తే బిట్లు, వాటి పక్కన ఏ, బీ, సీ, డీ. ఒక్క పటం లేదు, ఒక్క పూర్తి వాక్యం లేదు. తెలివైన పిల్లవాడే, అదే బాధ. రేపు ఇంజినీరింగ్‌లో వారాలకు వారాలు ల్యాబ్ రికార్డు రాయాల్సింది ఆ చేత్తోనే.

పదహారేళ్లలోపు పిల్లలను కోచింగ్ కేంద్రాలు చేర్చుకోరాదని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. స్కూలు వేళల్లోనే కలిపి నడిపితే దానికి కోచింగ్ అన్న పేరే ఉండదు, ఫీజు మాత్రం ఉంటుంది. లెక్కలంటే ప్రాణం పెట్టే పిల్లలు కొందరు ఇందులోనూ రాణిస్తారు. వాళ్లు ఎక్కడున్నా రాణించేవాళ్లే.

పోల్చమన్నారు గనుక మీ వాడి వరకే చెబుతాను. అక్కకున్న ఇంగ్లీషు లోటు వాడికి అంత ఉండదు. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది, పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీషు. రోజూ ఇంగ్లీషు పేజీ ముందు చదివి, అర్థంకాని చోటే తెలుగు చూడమనండి. పైగా బాసర ట్రిపుల్ ఐటీలో సీట్లు పదో తరగతి మార్కుల మీదే ఇస్తారు. రెండేళ్ల ఇంటర్, నాలుగేళ్ల బీటెక్ కలిపి ఆరేళ్లు అక్కడే. ప్రభుత్వ బడి పిల్లలకు అక్కడ అదనపు వెసులుబాటు కూడా ఉంది. ఫౌండేషన్ కోసం వాడిని ప్రైవేటు స్కూలుకు మారిస్తే ఆ వెసులుబాటు చేజారుతుంది. ఈ సంగతి అడ్వాన్సు తీసుకున్నవాళ్లు మీకు చెప్పి ఉండరు.

జేఈఈ రాయాలన్న కోరిక వాడికే పుడితే పది అయ్యాక రెండేళ్లు చాలు. అంతదాకా వారానికి ఒక అధ్యాయం ఎవరూ చెప్పకుండా తనే చదివి, అక్కకు పాఠంలా చెప్పాలి. ఆమె ఉద్యోగంలో చేరేలోపు ఇది మొదలుపెట్టండి. వాడు తడబడితే మీరు మధ్యలో దూరకండి.

అడ్వాన్సు మాటకొస్తే, రశీదు జతచేసి డబ్బు వెనక్కి ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే వదిలేయండి. కట్టిన డబ్బు పోతుందని పిల్లవాడిని అక్కడ చేర్చకండి.