వృద్ధుల లాయరుగా మా అమ్మాయి హైదరాబాద్‌లో నిలదొక్కుకోగలదా?

ప్రశ్న: మా అమ్మాయి ఐదేళ్ల బీఏ ఎల్‌ఎల్‌బీలో నాలుగో సంవత్సరం చదువుతోంది. అమెరికాలో 'ఎల్డర్ లా' లాయర్లకు మంచి గిరాకీ ఉందని, మంచాన పడిన వృద్ధులకు దీర్ఘకాల సంరక్షణ కోసం ప్రభుత్వ సాయం ఇప్పించడమే వాళ్ల పని అని న్యూజెర్సీలో ఉండే మా బావమరిది చెప్పాడు. అప్పటి నుంచి అమ్మాయి అదే పట్టు పట్టింది. అక్కడ ఎల్‌ఎల్‌ఎం చేయిస్తే స్థిరపడుతుందా? ఇక్కడే ఉంటే ఆ పనికి ఫీజు ఇచ్చేవాళ్లు ఉంటారా? వచ్చే ఏడాది నేను రిటైరవుతున్నాను. అప్పు చేయాలా వద్దా అన్నది ఇప్పుడే తేల్చుకోవాలి.
– ఒక తండ్రి, వనస్థలిపురం

జవాబు: అప్పు చేయకండి. మీ అమ్మాయి ఎంచుకున్న రంగం మంచిదే. వెళ్దామనుకుంటున్న దారే తప్పు.

మీ బావమరిది గారు చెప్పిన గిరాకీ నిజమే, కానీ అది ఎక్కడి నుంచి పుట్టిందో చూడండి. అమెరికాలో 65 దాటినవాళ్లకు ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ ప్రధానంగా చికిత్స ఖర్చు భరిస్తుంది. నర్సింగ్ హోమ్‌లో ఉంచాల్సి వస్తే ఒక విడతకు గరిష్ఠంగా 100 రోజులు చూస్తుంది, అదీ నిపుణుల వైద్యసేవ అవసరమైతేనే. స్నానం చేయించడం, అన్నం తినిపించడం లాంటివి ఏళ్ల తరబడి కావలసి వస్తే సొంత డబ్బు పెట్టుకోవాలి, లేదా మెడికెయిడ్‌కు వెళ్లాలి. మెడికెయిడ్ పేదల పథకం. ఆస్తి, ఆదాయం పరిమితి దాటితే రాదు. పరిమితిలోకి రావడానికి ఇల్లూ డబ్బూ పిల్లలకు రాసిచ్చేస్తే, సాధారణంగా దరఖాస్తుకు ముందు ఐదేళ్ల లావాదేవీలను తిరగదోడి అంతమేరకు సాయం ఆపుతారు. మాజీ సైనికులకు ఇచ్చే సంరక్షణ పింఛనుకైతే మూడేళ్ల లెక్క. ఈ నిబంధనల మధ్య కుటుంబాన్ని నడిపించినందుకు అక్కడి లాయరు ఫీజు తీసుకుంటాడు. పైగా ఆ నిబంధనలు రాష్ట్రానికో తీరు. మన డిగ్రీతో, ఒక ఏడాది ఎల్‌ఎల్‌ఎంతో లాయరు లైసెన్సుకు రాసే బార్ పరీక్షకు కూర్చోనిచ్చేవి న్యూయార్క్ లాంటి కొన్ని రాష్ట్రాలే. అక్కడి నేషనల్ ఎల్డర్ లా ఫౌండేషన్ ఇచ్చే స్పెషలిస్టు గుర్తింపు కావాలంటే ఐదేళ్ల ప్రాక్టీసు కూడా ఉండాలి. రిటైరవుతున్న మనిషి అప్పు మీద ఆడాల్సిన ఆట కాదు ఇది. అమ్మాయి శాశ్వతంగా అక్కడే ఉండిపోవాలనుకుంటే వేరే మాట. తిరిగొచ్చి ఇక్కడ ప్రాక్టీసు పెట్టాలనుకుంటే ఆ చదువులో సగం విమానంలోనే వదిలేయాలి. ఎందుకంటే మనకు మెడికెయిడ్ లేదు.

మనకున్నవన్నీ ఆస్పత్రి గడప దగ్గర ఆగిపోయేవే. 70 నిండినవాళ్లకు ఆయుష్మాన్ వయ వందన కార్డు మీద ఏడాదికి 5 లక్షల వరకు ఆస్పత్రి చికిత్స ఉంది. మామూలు ఆరోగ్య బీమా కూడా అంతే. పక్షవాతం వచ్చిన తల్లికి రాత్రీ పగలూ ఇద్దరు ఆయాలను పెట్టుకుంటే ఆ జీతాలు ఎవరూ ఇవ్వరు. ఆ డబ్బు పింఛను నుంచో, పిల్లల జేబు నుంచో, చివరికి ఇంటి మీద నుంచో రావాలి. అందుకే ఇక్కడ ఈ వృత్తికి కేంద్రం ఇల్లు. ఇల్లంటే దస్తావేజు.

ఏ సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం దగ్గరైనా దస్తావేజు లేఖరి చేత ఒక గిఫ్ట్ డీడ్ రాయించి చూడండి. 'నా కుమారుడవైన నీపై గల ప్రేమాభిమానములతో ఈ దిగువ షెడ్యూలు ఆస్తిని నీకు దానముగా ఇచ్చి, నేటి నుండి స్వాధీనపరచినాను' అని చకచకా వచ్చేస్తుంది. ఆ వాక్యంలో తండ్రి రేపటి నుంచి ఎక్కడ ఉంటాడో లేదు, ఆయన మందులు ఎవరు కొంటారో లేదు. వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లోని 23వ సెక్షన్ ప్రకారం, చూసుకుంటాననే షరతు మీద ఆస్తి పుచ్చుకుని చూసుకోకపోతే ఆ బదిలీని రద్దు చేయించవచ్చు. కానీ షరతు ఉందని చూపించాలి. ఆ షరతు ఉంటేనే ఈ సెక్షన్ వర్తిస్తుందని 2022లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. 2025 జనవరిలో ఒక తల్లి కేసులో అదే కోర్టు చట్టాన్ని ఉదారంగా చదివి ఇల్లు ఆమెకు తిరిగి ఇప్పించింది. అక్కడ గిఫ్ట్ డీడ్‌తో పాటు కొడుకు రాసిచ్చినట్టు చెప్పిన హామీ పత్రం ఒకటి ఉంది. 'నా జీవితాంతం ఈ ఇంటిలోనే నివాసము, భోజనము, వైద్యము నీవు చూడవలెననే షరతుపై' అన్న ఒక్క వరుస ముందే దస్తావేజులో ఉంటే అంత దూరం వెళ్లనక్కరలేదు. మీ అమ్మాయి ఫీజు ఆ వరుసకు. అది పెట్టమని అడగడానికి తండ్రికి మొహమాటం, చెప్పడానికి లేఖరికి తీరిక లేదు.

ఇదే చట్టం కింద పిల్లల నుంచి పోషణ ఖర్చు కోరే దరఖాస్తును ఆర్‌డీవో అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్ వింటుంది. అప్పీలు కలెక్టర్ దగ్గర. చట్టంలో పెట్టిన గరిష్ఠ పరిమితి నెలకు 10,000 రూపాయలు. 17వ సెక్షన్ ట్రిబ్యునల్‌లోకి లాయర్లను రానివ్వదు. అది చెల్లదని కేరళ హైకోర్టు 2021లో తీర్పు ఇచ్చింది, ఇతర హైకోర్టులూ ఆ దిశగా చెప్పాయి. అయినా ఆ గది బయట కూర్చుని బతకవచ్చని మాత్రం అనుకోకండి. అక్కడికి వచ్చే పెద్దవాళ్ల చేతిలో ఆటో ఛార్జీలకు కూడా సరిగా ఉండవు. వాళ్ల పని ఉచితంగా చేయాలి, చేస్తే పేరు వస్తుంది. ఒక చిక్కు కూడా ఉంది. కొడుకును ఖాళీ చేయించమని వచ్చే కేసుల్లో కొన్ని నిజానికి కోడలిని వెళ్లగొట్టడానికి వేసినవి. గృహహింస చట్టం కోడలికి ఇచ్చే నివాస హక్కును ఈ చట్టం మింగేయజాలదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. గృహహింస చట్టం చదవకుండా ఈ రంగంలోకి రాకూడదు.

డబ్బు వచ్చే పని మరోచోట ఉంది. పిల్లలు డల్లాస్‌లో, తల్లిదండ్రులు కూకట్‌పల్లిలో ఉన్న ఇళ్లు ఈ ఊళ్లో కొల్లలు. తండ్రికి మతిమరుపు మొదలైందనగానే ఆయన బదులు వ్యవహారాలు చూసే అధికారం, అంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకుంటారు, ఇక నిశ్చింత అనుకుంటారు. కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ చూస్తే ఇచ్చినవాడి మతిస్థిమితం పోయిన రోజున ఆ పవర్ కూడా పోతుంది. అమెరికాలో ఆ తర్వాత కూడా నిలిచే పవర్ ఉంది, మనకు లేదు. అంటే సరిగ్గా అవసరం పడినప్పుడే ఆ కాగితం పనికిరాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద ముందే ప్రతినిధిని నియమించుకోవచ్చు, కానీ అది మానసిక చికిత్స వరకే, బ్యాంకు ఖాతాకు కాదు. చివరికి సంరక్షకుణ్ని నియమించమని హైకోర్టుకు రిట్ వేస్తున్నారు. ఇంత దూరం రాకుండా, మనిషి తెలివిగా ఉన్నప్పుడే వీలునామా, ఉమ్మడి ఖాతాలు, అవసరమైతే ట్రస్టు అమర్చిపెట్టాలి. కృత్రిమ శ్వాస మీద పెట్టవద్దని రాసుకునే లివింగ్ విల్ కూడా అందులో భాగమే. 2023 నుంచి అది నోటరీ ముందో, గెజిటెడ్ అధికారి ముందో చేసుకోవచ్చు. పిల్లలు లేనివాళ్లకు సొంతింటి మీద బ్యాంకు నెలనెలా డబ్బిచ్చే రివర్స్ మార్ట్‌గేజ్ వివరించాలి. బోర్డు మీద 'ఎల్డర్ లా' అని రాసుకుంటే మన వీధిలో ఎవరికీ అర్థం కాదు. 'ఆస్తి, వీలునామా, సంరక్షక వ్యవహారాలు' అని రాసుకోమనండి.

ఈ పనిలో అసలు పరీక్ష చట్టం కాదు. డల్లాస్ నుంచి కొడుకు ఫోన్ చేసి 'మా నాన్న చేత ఇల్లు నా పేరున రాయించండి, ఫీజు నేను పంపిస్తాను' అంటాడు. డబ్బు కొడుకుది, సంతకం తండ్రిది. మీ అమ్మాయి ఎవరి లాయరు? తండ్రి లాయరే. అందరినీ బయటికి పంపి, ఆయన ఒక్కడితో కూర్చుని, ఈ కాగితం వల్ల ఏమవుతుందో ఆయన నోటితోనే చెప్పించుకోవాలి. చెప్పలేకపోతే ఫీజు వదులుకుని లేచి రావాలి. కొడుక్కి కోపం వస్తుంది. అతని అక్కచెల్లెళ్ల నుంచి రేపు రాబోయే కేసులో సాక్షిగా బోనెక్కడం కన్నా ఆ కోపమే నయం.

దారి విషయానికొస్తే, చదువు పూర్తవగానే బార్ కౌన్సిల్‌లో లాయరుగా ఎన్‌రోల్ అయి ఆలిండియా బార్ పరీక్ష రాసి, సివిల్ వైపు పేరున్న సీనియర్ దగ్గర మూడు నాలుగేళ్లు చేరాలి. మొదట్లో సీనియర్ ఇచ్చేది పెట్రోలుకు సరిపోతే అదృష్టం. ఆ కాలానికి ఇంటి ఖర్చు మీరు మోయగలరా అన్నదే మీరు వేసుకోవాల్సిన లెక్క, ఎల్‌ఎల్‌ఎం ఫీజు కాదు. ఈ సెలవుల్లోనే న్యాయ సేవాధికార సంస్థలో ఇంటర్న్‌షిప్ అడగమనండి. వృద్ధుల కోసం 2016 నుంచి దానికి ప్రత్యేక పథకం ఉంది. ఆస్తి చేతులు మారిన క్రమం చూపే పాత దస్తావేజులు, అంటే లింకు డాక్యుమెంట్లు చదవడం నేర్చుకోవాలి. పాతబస్తీ ఆస్తుల్లో నిజాం కాలం నాటి ఉర్దూ కాగితాలు తగులుతాయి కాబట్టి ఉర్దూ అక్షరాలు వస్తే ఇంకా మంచిది, ఆ ఓపిక ఉన్న జూనియర్లు తక్కువ. ఎల్‌ఎల్‌ఎం కావాలంటే ప్రాక్టీసు కుదిరాక ఉస్మానియాలోనో, నల్సార్‌లోనో చేయవచ్చు. కోర్టు పడదనుకుంటే ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేసి వృద్ధుల సంరక్షణ సంస్థల్లోకి వెళ్లే దారీ ఉంది, జీతం మాత్రం పెద్దగా ఆశించవద్దు.

ఇంతకీ మీరు రిటైరవుతున్నారు కదా. మీ వీలునామా చిత్తుప్రతి మీ అమ్మాయి చేతే రాయించండి. ఇంటి కాగితాలన్నీ ముందు పెట్టి, మీ తదనంతరం ఆమె తల్లి ఎక్కడ ఉండాలో, ఎవరు చూడాలో తేలేలా రాయమనండి. సంతకం మాత్రం ఆ చిత్తుప్రతిని వేరే లాయరుకు చూపించాకే చేయండి, రాసింది వారసురాలు కాబట్టి. ఆ మాట మీకన్నా ముందు తనే చెబితే ఈ రంగానికి పనికొస్తుంది.