తారుకీ కంకరకీ ఒకే టైరు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. సైకిలు మీద రోజూ పాతపట్నం వరకు తారురోడ్డు, ఆదివారాలు కొండ పల్లెల కంకర దారులు తొక్కుతాను. ఇప్పుడున్న 700సీ (చక్రం సైజు), 28 మి.మీ. వెడల్పు టైర్లు కంకరలో జారుతున్నాయండీ. నా బరువు 70 కిలోలు. ఏవి వేయించాలి?

జవాబు: 38 మి.మీ. వేయించండి. నడుమ నున్నగా, అంచుల్లో చిన్న గుబ్బలున్న టైరైతే తారు మీద బరువనిపించదు, మలుపులో మట్టిని పట్టుకుంటుంది. కొనేముందు ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు దగ్గరా, వెనక చక్రం దగ్గరా ఖాళీ కొలవండి, కొత్త టైరుకి రెండు పక్కలా 5 మి.మీ. అయినా మిగలకపోతే వానాకాలం బురద ఇరుక్కుని చక్రమే తిరగదు. చోటు లేదా, 32 చాలు.

అసలు తప్పంతా గాలి దగ్గరే జరుగుతుంది. రాయిలా కొట్టిస్తే కంకర మీద టైరు గెంతుతుంది, పట్టు పోతుంది. ముందు చక్రానికి 40, వెనక దానికి 45 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత)తో మొదలుపెట్టండి. మరీ తగ్గిస్తే మాత్రం రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి పంక్చరవుతుంది.