టీవీకి కలిపే పీసీ 20 వేల లోపు కావాలంటే ముందు వెనకాల పోర్టులు చూడండి

43 అంగుళాల 4కే టీవీ ఉంది, మానిటర్ కొనకుండా దానికే పెట్టుకుంటా, పిల్లల క్లాసులు, యూట్యూబ్, కొంచెం ఆఫీసు పని, ప్రాసెసర్ ఐ3 తీసుకోవాలా ఐ5 తీసుకోవాలా అని అడిగారు కదా. మీరు చెప్పిన పనులకి రెండూ సరిపోతాయండి, అసలు తేడా వచ్చేది బొమ్మ బయటికొచ్చే పోర్టు దగ్గరే.

నేను సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో సెకండ్ హ్యాండ్ మినీ పీసీ తీసుకున్నా, డెల్ ఆప్టిప్లెక్స్ 3060 మైక్రో, 8వ జనరేషన్ ఇంటెల్ ప్రాసెసర్‌ది. కంపెనీలు వాడి తీసేసినవి అక్కడ బోలెడు దొరుకుతాయి, లెనోవో టైనీ, హెచ్‌పీ మినీ కూడా. ఏ షాపులో అడిగినా "4కే వస్తుంది సార్" అనే అంటారు, అబద్ధం కాదు, కానీ దీని హెచ్‌డీఎంఐ 1.4 రకం, అందులో 4కే అంటే 30 హెర్ట్జే, అంటే బొమ్మ సెకనుకి 30 సార్లే మారుతుంది, మౌస్ కదిపితే ఈడ్చుకుంటూ వస్తుంది, పేజీ కిందకి జరిపితే కళ్లు లాగుతాయి. పక్కనే ఉన్న డిస్‌ప్లే పోర్ట్ 1.2లో మాత్రం 60 వస్తుంది. మన టీవీలకి ఆ పోర్ట్ ఉండదు కాబట్టి మధ్యలో కన్వర్టర్ కావాలి, అది "యాక్టివ్" రకం, 4కే 60 అని రాసున్నదే తీసుకోండి, చవగ్గా దొరికే మామూలుదైతే మళ్లీ 30 దగ్గరే ఆగిపోద్ది. సౌండ్ కూడా దాంట్లోంచే వచ్చేస్తుంది, వేరే వైరు అక్కర్లేదు.

ఇంకోటి, టీవీ సెట్టింగుల్లో ఆ హెచ్‌డీఎంఐకి అల్ట్రా హెచ్‌డీ కలర్ లాంటి ఆప్షన్ ఉంటుంది, పేరు కంపెనీని బట్టి మారుతుంది, అది ఆన్ చేయకపోతే చాలా టీవీల్లో 60 కనపడదు. ఇన్‌పుట్ పేరు పీసీ అని మార్చితే కొన్నిట్లో అక్షరాలు కూడా శుభ్రంగా కనిపిస్తాయి.

8వ జనరేషన్ కంటే పాతది ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు, విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, విండోస్ 11 అఫీషియల్‌గా ఎక్కేది 8వ జనరేషన్ నుంచే. ఈ 8వ జనరేషన్ వాటిలో ఒక లోటు మాత్రం ఉంది, యూట్యూబ్ ఏవీ1 అనే కొత్త రకం ఫార్మాట్‌లో ఇచ్చే వీడియోలకి చిప్‌లో సాయం లేదు, మొత్తం ప్రాసెసర్ మీదే పడుద్ది, 4కే పెడితే ఫ్యాన్ రొద మొదలు. కొత్తదే కావాలంటే 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 చిప్ ఉన్న చిన్న డబ్బాలు చూడండి, 6 వాట్ల చిప్పే గానీ ఏవీ1 హాయిగా ఆడిస్తుంది, 4కే 60 ఇచ్చే హెచ్‌డీఎంఐ 2.0 ఉందో లేదో మాత్రం చూసుకోండి.

ఎవరైనా అసెంబుల్డ్ ఇస్తామంటే చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్, 10100ఎఫ్, 12400ఎఫ్ లాంటివి, అస్సలు ఒప్పుకోకండి, వాటిలో గ్రాఫిక్స్ ఉండదు, విడిగా కార్డు కొంటే తప్ప టీవీలో ఏమీ రాదు.

నెట్‌ఫ్లిక్స్ 4కే కోసం మాత్రం పీసీ కొనకండి, క్రోమ్‌లో అది రానే రాదు, టీవీలో ఉన్న యాప్‌లోనే చూసుకోండి. కొనేముందు షాపులోనే 4కే టీవీకో మానిటర్‌కో తగిలించి, డిస్‌ప్లే సెట్టింగుల్లో 60 హెర్ట్జ్ చూపించమనండి, కుదరదంటే పక్క షాపుకి వెళ్లండి.